ఉన్ని ఒకవైపు, నార ఒకవైపు: పాత బట్టలతో కుట్టిన ఒక యూదు పెళ్ళిపందిరి

నేను న్యూజెర్సీలో పాత బట్టలతో క్విల్టులు, అంటే ముక్కలు కలిపి పొరలుగా కుట్టే బొంతలు, కుడతాను. పోయినవారి చొక్కాలు, చీరలు, దుప్పట్లు తెచ్చి, వాటితో ఇంట్లో నిలిచి ఉండే వస్తువు ఏదైనా చేసిపెట్టమని అడిగేవారే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఇక్కడ వివరిస్తున్నది ఒక యూదు కుటుంబం కోసం చేసిన పని. పెళ్ళికూతురి అమ్మమ్మ, తాతయ్యల బట్టలతో ఒక హుప్పా కుట్టాలి. నాలుగు కర్రల మీద ఎత్తి పట్టే బట్ట పందిరిని హుప్పా అంటారు. యూదుల వధూవరులు దాని కిందనే నిలబడి పెళ్ళి చేసుకుంటారు. పెళ్ళి అయ్యాక అదే బట్టను మంచం మీద కప్పుకునే దుప్పటిగా మార్చుకోవాలని కూడా ఆ అమ్మాయి కోరింది. మామూలుగా విన్నప్పుడు ఇది చిన్న కోరికలాగే అనిపిస్తుంది కానీ, ఏ బట్టను ఏ బట్టతో కలిపి కుట్టవచ్చు అన్న ప్రశ్నకు చివరికి జవాబు చెప్పింది ఈ కోరికే. ఇతర మతాల కుటుంబాల కోసం పనిచేసే మనవాళ్ళు కత్తెర పట్టుకునే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలో ఈ కేసు బాగా చూపిస్తుందన్న నమ్మకంతో దీనిని వివరంగా రాస్తున్నాను.

పెళ్ళికూతురి తల్లి తెచ్చిన అట్టపెట్టెలను విప్పుతుంటే ఆ కుటుంబ చరిత్ర చాలావరకు అందులోనే కనబడింది. అమ్మమ్మ, తాతయ్య ఇద్దరూ 1930ల చివర్లో నాజీల పాలన నుంచి తప్పించుకుని, జర్మనీ నుంచి పసివయసులో న్యూయార్క్ చేరినవారు. మాన్‌హాటన్ ఉత్తర భాగంలోని వాషింగ్టన్ హైట్స్‌లో పెరిగారు. జర్మన్ యూదులు అంత పెద్ద సంఖ్యలో స్థిరపడడం వల్ల ఆ పేటను హడ్సన్ ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ అని పిలిచేవారు. తాతగారు న్యూయార్క్‌లో బట్టలు తయారుచేసే పేట అయిన గార్మెంట్ డిస్ట్రిక్ట్‌లో కటింగ్ మాస్టర్‌గా పనిచేశారు. పెట్టెల్లో ఉన్నవి ఇవి: శుక్రవారం సాయంత్రం సబ్బాతు అనే విశ్రాంతిదినపు భోజనానికి పరిచిన, నేతలోనే డిజైను వచ్చే తెల్లని డమాస్క్ టేబుల్ క్లాత్, పస్కా పండుగకు మాత్రమే బయటికి తీసిన ఇంకొక టేబుల్ క్లాత్, తాతగారు ప్రార్థన సమయంలో భుజాల మీద వేసుకున్న తల్లిత్ అనే శాలువ, ఒక ఉన్ని కోటు, టైల కట్ట, 1960ల నాటి మద్రాసు గళ్ళ చొక్కా, అరిగి మెత్తబడ్డ తెల్లని నూలు దుప్పట్లు, వీటన్నిటి అడుగున పలచని కాగితంలో చుట్టి ఉన్న పొడవైన కుట్టుపని పట్టీ ఒకటి. తల్లిత్, టేబుల్ క్లాత్‌లు పందిరిలో పక్కపక్కనే ఉండాలన్నది ఆమె ఆశ. తండ్రి ఒకవైపు, తల్లి ఒకవైపు అన్నమాట. అదే కుదరలేదు, ఎందుకు కుదరలేదో చెప్పడానికి ముందు కొంత నేపథ్యం అవసరం.

వాడిన బట్టకు రెండో జన్మ ఇవ్వడం యూదుల వస్త్రకళలో చాలా పాతకాలం నుంచి ఉన్న అలవాటు. ఒట్టోమన్ సామ్రాజ్యంలోని యూదు స్త్రీలు పెళ్ళికి వేసుకున్న బిందల్లీ అనే బంగారు జరీ పని ముఖమల్ గౌనులను తరవాత సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, ఇచ్చేవారు. వాటిని విప్పి, తోరా అనే పవిత్ర గ్రంథపు చుట్టలను ఉంచే మందసం ముందు వేలాడే తెరగానో, తోరా చుట్టకు తొడిగే ముసుగుగానో మార్చేవారు. గౌను నడుము దగ్గరి పూలతీగ, చేతుల అంచు డిజైను ఆ తెరల మీద ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. రోమ్‌లో 1555లో పోప్ నాలుగో పాల్ జారీచేసిన ఆజ్ఞ వల్ల యూదులు పాత బట్టల వ్యాపారం తప్ప దాదాపు మరే వ్యాపారమూ చేయలేని స్థితి ఏర్పడింది. ఆ వ్యాపారంలో చేతికి వచ్చిన ఖరీదైన పట్టు, జరీ బట్టలే వాళ్ళ సినగాగ్ తెరలుగా, తోరా ముసుగులుగా మారి ఈనాడు రోమ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. మనకు దగ్గరలోనే, కొచ్చిన్ యూదులలో, స్త్రీలు పండుగలకు నడుముకు కట్టుకున్న ముండు అనే వస్త్రం మందసం తెరగా మారిన సందర్భాలున్నాయి. ఈ ఉదాహరణలన్నిటిలోనూ బట్ట ఇంటి నుంచి దేవుని మందిరం వైపే నడిచిందని గమనించాలి. పవిత్రతలో పైకి తీసుకువెళ్ళవచ్చు గానీ కిందికి దించరాదన్న సూత్రం, యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్మూద్‌లోనిది, దీని వెనక ఉంది. మన బొంతకు మెత్తని పాత చీర దొరికితే చాలు, అది ఏ పని చేసి వచ్చిందన్న విచారణ ఉండదు. ఇక్కడ మొదట జరగవలసింది ఆ విచారణే.

అందుకని నేను పెట్టెల్లోని బట్టలను రంగును బట్టి గానీ, నాణ్యతను బట్టి గానీ కాకుండా అవి అంతవరకూ చేసిన పనిని బట్టి వేరుచేశాను. తోరాను తాకినవి, తోరాకు తొడిగినవి ఒక వర్గం; అరిగిపోయినా వాటిని పారేయకూడదు, గెనీజాలో, అంటే పాత పవిత్ర వస్తువులను భద్రపరిచే చోట, ఉంచాలి. ఒక ఆజ్ఞను నెరవేర్చడానికి వాడినవి రెండో వర్గం. తల్లిత్ ఇందులోకి వస్తుంది. వాటిని వేరేగా వాడుకోవచ్చు గానీ అవమానకరమైన పనికి వాడకూడదు. టేబుల్ క్లాత్, చొక్కా, దుప్పటి వంటివి ఇంటి బట్టలు. వీటికి ఆంక్ష లేదు. ఈ విభజన తల్మూద్‌లోని మెగిల్లా భాగంలో ఉంది. నా సొంత అవగాహన మీద నేను ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ప్రతి వస్తువు ఫోటో తీసి, పక్కన ప్రశ్న రాసి, ఆ కుటుంబం నమ్మే రబ్బీకి, అంటే యూదు మతగురువుకి, వాళ్ళ ద్వారానే పంపించి, జవాబు వచ్చాకే ముందుకు వెళ్ళాను.

పెట్టె అడుగున దొరికిన పట్టీ మొదటి వర్గానిదని వెంటనే తేలింది. అది విమ్పెల్. జర్మన్ యూదులలో మగబిడ్డ సున్నతి సమయంలో చుట్టిన లినెన్ (అవిసె నార) బట్టను తరవాత మూడు నాలుగు పట్టీలుగా కత్తిరించి, చివరలు కలిపి సుమారు మూడు మీటర్ల పొడవు వచ్చేలా కుట్టి, దాని మీద బిడ్డ పేరు, పుట్టిన తేదీ రంగు దారాలతో కుట్టడమో, రంగులతో రాయడమో చేస్తారు. బిడ్డ తొలిసారి సినగాగ్‌కు వెళ్ళినప్పుడు అది తోరా చుట్టకు కట్టుగా మారుతుంది. ఆ పట్టీ మీద ఉండే ఆశీర్వాదం ఎప్పుడూ ఒకటే: ఈ బిడ్డ తోరా చదువుకూ, హుప్పాకూ, మంచి పనులకూ ఎదగాలి. చాలా విమ్పెల్‌ల మీద హుప్పా అన్న మాట దగ్గర నాలుగు కర్రల పందిరి, దాని కింద ఒక జంట బొమ్మ ఉంటాయి. తాతగారి విమ్పెల్ మీదా ఉన్నాయి. ఎర్ర దారంతో కుట్టిన ఆ చిన్న పందిరిలో, కర్రల మధ్య బట్ట కొద్దిగా కిందికి జారినట్టు కూడా ఎవరో చేయి శ్రద్ధగా చూపించింది. దానిని కత్తిరించే ప్రశ్నే లేదు. పాడవకుండా విప్పి, సమతలంగా పరిచి, ప్రతి అక్షరాన్నీ కొలబద్దతో పాటు ఫోటో తీసుకుని, తిరిగి కుటుంబానికి ఇచ్చేశాను. పందిరి మీద కుట్టబోయే అక్షరాల రూపం మాత్రం దాని నుంచే తీసుకున్నాను.

ఇక అసలు చిక్కు షాత్నేజ్. లేవీయకాండము 19వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఉన్నినీ, అవిసె నారతో చేసే లినెన్‌నూ కలిపిన బట్టను వేసుకోకూడదని చెబుతాయి. నూలు, పట్టు, పాలిస్టర్ దేనితో కలిసినా ఇబ్బంది లేదు. గొర్రె ఉన్ని, లినెన్ ఈ రెండే కలవకూడదు. కలిపి నేయడమే కాదు, కలిపి కుట్టినా నిషేధమే. తల్మూద్‌కు ఆధారమైన మిష్నా అనే ధర్మసంకలనంలో, కిలాయిమ్ అనే భాగం చివర్లో దీని మీద కుట్టుపనివారికి నేరుగా పనికొచ్చే వివరం ఉంది: సూది ఒక్కసారి గుచ్చి తీసిన కుట్టు కలయిక కిందికి రాదు, దారం రెండు కొనలూ మళ్ళీ ఒకే వైపుకి వచ్చాయంటే అది కలయికే. క్విల్టు అంటే వేల కుట్లు. కాబట్టి ఒక మూల ఉన్ని ముక్క, ఎదురు మూల లినెన్ ముక్క ఉన్నా, మొత్తం ఒకే వస్త్రం కింద లెక్క.

పందిరి ఒంటి మీద వేసుకునేది కాదు కదా అన్న సందేహం సహజం. పెళ్ళికూతురి తల్లి కూడా ఇదే అడిగారు. రబ్బీ జవాబు స్పష్టంగా వచ్చింది: తలకు ఎంతో ఎత్తున నిలిచే పందిరి వరకే అయితే చర్చకు చోటుంది, కానీ అదే బట్టను రేపు దుప్పటిగా కప్పుకుంటారంటే వేసుకునే బట్టకు ఉన్న నియమమే దీనికీ వర్తిస్తుంది. అంటే వస్తువు రెండో జీవితం మొదటి జీవితానికి షరతు పెట్టింది. ఇలాంటి పనిలో ఆ తరవాత ఏం చేస్తారు అన్న ప్రశ్నను ముందే అడగాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇక ఏది ఉన్ని, ఏది లినెన్ అన్నది నిర్ధారించాలి. పాత బట్టల మీద చీటీ ఉండదు, ఉన్నా లోపలి పొరల గురించి చెప్పదు. ప్రతి బట్ట నుంచీ పడుగు పోగు, పేక పోగు విడివిడిగా లాగి చూశాను. మంట దగ్గర పెడితే ఉన్ని, పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరిపోయి, వేళ్ళ మధ్య పొడి అయ్యే నల్లని బూడిద మిగులుస్తాయి. నూలు, లినెన్ కాగితంలా మండి సన్నని బూడిద అవుతాయి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. నూలునూ లినెన్‌నూ మంట వేరుచేయలేదు, వాటికి మైక్రోస్కోప్ కావాలి: నూలు పోగు మెలితిరిగిన రిబ్బన్‌లా, అవిసె నార వెదురు కణుపుల్లాంటి అడ్డగీతలతో కనబడతాయి. ఈ పరీక్షలో సబ్బాతు టేబుల్ క్లాత్ అచ్చమైన లినెన్ అనీ, పస్కా టేబుల్ క్లాత్ నూలు పడుగు, లినెన్ పేకతో నేసినదనీ తేలింది. తల్లిత్ పూర్తిగా ఉన్ని.

కోటు విషయంలో మరింత జాగ్రత్త అవసరమైంది. పాతకాలపు మంచి సూటు కోటు బయటికి ఉన్ని అయినా, కాలరు నిలబడడానికి లోపల పెట్టే బక్రం చాలాసార్లు లినెన్‌దే; ఛాతీ భాగంలోని కాన్వాస్‌లో, జేబుల మూలల్లో పెట్టే పట్టీల్లో, చివరికి బొత్తాములు కుట్టిన దారంలో కూడా లినెన్ ఉండవచ్చు. కాలరు కింది ఫెల్టును విప్పి, బక్రం నుంచి నాలుగు పోగులు తీసి, ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్ ఉన్న గాజు గిన్నెలో వేశాను. పక్క గిన్నెలో కోటు బట్ట పోగులు వేశాను. ఉన్ని పోగుల చుట్టూ మొదట చిన్న బుడగలు పట్టాయి, అవి మెల్లగా పసుపుపచ్చబడి, జిగురులా వదులై, కాసేపటికి గిన్నెలో ఏమీ మిగలలేదు. బక్రం పోగులు మాత్రం తెల్లబడి అలాగే ఉన్నాయి. నూలా, లినెనా అన్నది మళ్ళీ మైక్రోస్కోప్ చెప్పింది: లినెనే. నా పరీక్షలు నా పని కోసమే. మతపరంగా చెల్లే మాట షాత్నేజ్ పరీక్షకుడు చెప్పేదే. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతంలో ఈ పనే వృత్తిగా చేసేవాళ్ళున్నారు. కుటుంబం నమూనాలన్నిటినీ వాళ్ళకు పంపించి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుంది.

దీనితో డిజైన్ తనంతట తానే రెండుగా విడిపోయింది. లినెన్, నూలు, పట్టు కలిసి పందిరి అవుతాయి. ఉన్ని అంతా వేరుగా ఉంటుంది: తల్లిత్‌ను కత్తిరించకుండా బాగుచేసి పెళ్ళిలో వాడాలి, కోటు బట్టతో దానికి సంచి కుట్టాలి. ఏడు ఆశీర్వాదాలు చదివేటప్పుడు వధూవరుల మీద ఒకే తల్లిత్ కప్పడం స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీ యూదులలోనూ, జర్మన్ యూదులలోనూ ఉన్న ఆచారం. వాళ్ళ పూర్వీకుల ఆచారంలోనే పరిష్కారం ఉందని రబ్బీ గుర్తుచేసినప్పుడు, పందిరిలో తండ్రి బట్టకు చోటు లేదని బాధపడుతున్న ఆమె ఎంతో తేలికపడ్డారు. పైన తల్లి టేబుల్ క్లాత్, భుజాల మీద తండ్రి తల్లిత్. రెండూ ఒకే చోట ఉంటాయి, రెంటినీ కలిపే కుట్టు మాత్రం ఉండదు.

పందిరి కొలత ఆరడుగుల చదరం. దీనిని గీసేముందు ఒక విషయం తేల్చుకోవాలి: దీనికి ముఖం ఎటువైపు? గోడకు వేలాడే క్విల్టుకైతే ఈ ప్రశ్న రాదు. హుప్పా పైభాగం ఆకాశానికి తప్ప ఎవరికీ కనబడదు. కింది భాగాన్ని వధూవరులు తలెత్తి చూస్తారు. అంచుల నుంచి వేలాడే తెరను బయట కూర్చున్న అతిథులు చూస్తారు. కాబట్టి పందిరి ముఖం కిందికి, అంచు తెర ముఖం బయటికి ఉండాలి. ఒకే బట్టను అంచు దగ్గర మడిచి వేలాడదీస్తే ఈ రెండూ ఒకే వైపు రావు; పందిరి పైభాగమే తెర బయటి భాగం అవుతుంది. అందువల్ల తెరను నాలుగు ముక్కలుగా వేరే కత్తిరించి, ముఖం తిప్పి కుట్టవలసి వచ్చింది. బజారులో దొరికే చాలా హుప్పాలలో అందమైన వైపు పైకి పెట్టి కుట్టడం నాకు ఎప్పుడూ సబబుగా అనిపించదు. ఆ పని ఎవరికోసమో వాళ్ళకే అది కనబడదు.

బరువు రెండో సమస్య. పందిరిని నాలుగు మూలల దగ్గర లాగి పట్టుకుంటారు. బట్ట పడుగు, పేకలు అంచులకు సమాంతరంగా ఉంటాయి కాబట్టి మూలల లాగుడు సరిగ్గా ఏటవాలుగా, అంటే బట్ట ఎక్కువ సాగే దిశలో పడుతుంది. అరవై డెబ్బై ఏళ్ళ లినెన్ ఆ లాగుడు తట్టుకోలేదు. మధ్యలో కుంగడమే కాదు, ఇస్త్రీ మడతల దగ్గర చిరుగుతుంది. అందుకని పందిరి రెండు పొరల మధ్య మూల నుంచి మూలకు గుణకారపు గుర్తులా రెండు కొత్త నూలు పట్టీలు వేసి, మూలల్లోని తాడు ఉంగరాలను వాటికే కుట్టాను. లాగుడంతా పట్టీలు మోస్తాయి, పాత బట్ట వాటి మీద ఊరికే ఆనుకుని ఉంటుంది. అంతా పాత బట్టే ఉండాలన్న పట్టుదల కొందరు క్విల్టర్లలో ఉంటుంది. బరువు మోసే చోట కొత్త బట్టే వాడాలన్నది నా అభిప్రాయం. పాత బట్టను గౌరవించడమంటే దానితో చేతకాని పని చేయించకపోవడం కూడా. పై పొరకు అమ్మమ్మగారి నూలు దుప్పటి వాడాను. దుప్పటి ఎప్పుడూ మధ్యలో అరుగుతుంది, అంచుల వైపు బలంగానే ఉంటుంది, కనుక నాలుగు అంచుల ముక్కలే తీసుకున్నాను. మధ్యలో దూది పొర పెట్టలేదు. కర్రలు పట్టుకునేది మనుషులు, వాళ్ళ చేతులు నొప్పెట్టకూడదు.

కింది ముఖంలో నడిమి చదరం పస్కా టేబుల్ క్లాత్. పస్కా రాత్రి ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్ళ పేర్లు చదువుతూ, ఒక్కో పేరుకు గ్లాసులోంచి ఒక్కో చుక్క వైన్ వేలితో తీసి పక్కన పెడతారు. ఆ చుక్కలు, పిల్లలు ఒలకబోసిన గ్లాసులు ఏళ్ళ తరబడి ఆ బట్ట మీద గోధుమ, ఊదా రంగు మచ్చలయ్యాయి. మొదట వీటిని పోగొట్టమనే అడిగారు. సోడియం పర్‌కార్బనేట్ నీళ్ళలో నానబెడితే చాలావరకు పోయేవే. అయితే ఏ మచ్చ ఎవరి చోటు ముందుందో పెళ్ళికూతురి తల్లి బట్ట చూసి చెప్పగలుగుతున్నప్పుడు వాటిని చెరపడానికి నాకు మనసొప్పలేదు; ఆమెకు ఆ మాట చెప్పాను, ఆమే ఉంచమన్నారు. ఉంచడానికి కూడా పని ఉంది. ఎండిన వైన్‌లో మిగిలిన చక్కెర పురుగులను పిలుస్తుంది, కాలం గడిచేకొద్దీ బట్టను ముదురు చేసి పెళుసుబరుస్తుంది. అందుకని గాఢత లేని సబ్బుతో, డిస్టిల్డ్ వాటర్‌తో, బట్టను నైలాన్ వల మీద పరిచి, నలపకుండా, నీటిలో కరిగేదంతా పోయేవరకు ఉతికాను. రంగు నిలిచింది, జిగట పోయింది. పెళ్ళిలో వైన్ గిన్నె చేతులు మారే చోటికి సరిగ్గా పైన ఆ మచ్చలు ఉండేలా అమర్చాను. చుట్టూ సబ్బాతు టేబుల్ క్లాత్ డమాస్క్ ముక్కలు. వాటిని పక్కపక్కన నేత దిశ మార్చి పెట్టడం వల్ల, అన్నీ తెలుపే అయినా, వెలుగు పడినప్పుడు ఒకటి మెరుస్తుంది, పక్కది మెరవదు. డిజైన్ అంతా ఆ తేడాతోనే వచ్చింది.

మద్రాసు గళ్ళ చొక్కా మన ప్రాంతపు బట్ట కావడం వల్ల నాకు దాని మీద ప్రత్యేకమైన మమకారం ఉంది. మద్రాసు రుమాళ్ళ నేతకు చీరాల పేరుపడ్డ ఊరు. ఉతికినప్పుడల్లా రంగు దిగి గళ్ళు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయే ఈ రకం బట్టను అమెరికాలో 1950ల చివర, 1960లలో ఆ గుణాన్నే గొప్పగా చెప్పి అమ్మారు. తడిపిన తెల్లగుడ్డను చొక్కా మీద అదిమి చూస్తే ఎరుపు, నీలం రెండూ అంటుకున్నాయి. ఉప్పు, వెనిగరు వేస్తే రంగు నిలుస్తుందని మన ఇళ్ళలోనూ అంటారు గానీ, నూలుకు ఎక్కిన రంగును అవి నిలబెట్టవు. మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులు హుప్పాను ఆరుబయట, ఆకాశం కింద నిలుపుతారు, కాబట్టి వాన పడే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలి. తెల్లని లినెన్ పక్కన ఈ బట్ట పెట్టడం సాధ్యం కాదు. మూలల ఉంగరాలను కర్రలకు కట్టే పట్టీలు మాత్రం దీనితోనే చేశాను. అవి పందిరికి కుట్టి ఉండవు, వానలో తడిసినా రంగు కిందికి, కర్ర మీదికే దిగుతుంది.

అంచు తెర మీద యిర్మీయా గ్రంథం 33వ అధ్యాయం 11వ వచనంలోని నాలుగు మాటలు: సంతోష స్వరం, ఆనంద స్వరం, పెళ్ళికుమారుని స్వరం, పెళ్ళికుమార్తె స్వరం. నాలుగు వైపులకు సరిగ్గా నాలుగు. ఆ వచనంలో ఆ తరవాత దేవుని నామం వస్తుంది. దానిని కుడితే బట్ట మొత్తానికి గెనీజా నియమం పట్టుకుంటుంది, కాబట్టి అక్కడికి రాకముందే ఆపాలి. హీబ్రూ కుడి నుంచి ఎడమకు చదువుతారు కనుక, నాలుగు వైపులా వరసగా చదవాలంటే మనం గుడి చుట్టూ తిరిగినట్టే ప్రదక్షిణంగా నడవాలి.

అక్షరాలకు తాతగారి పట్టు టైలు వాడాను. టై వెనక ఉండే ఒక్క పొడవైన దారం లాగితే మొత్తం విడిపోతుంది. లోపలి పొర ఎక్కువగా ఉన్ని లేదా ఉన్ని మిశ్రమం. దానిని చివరి పోగు వరకు తీసేసి, టై లోపలి మూలలను భూతద్దంతో చూశాకే బల్ల మీదికి తెచ్చాను. టై బట్ట ఏటవాలుగా కోసి ఉంటుంది కాబట్టి చేతిలో సాగిపోతుంది. వెనక పలచని నూలు ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే బట్ట) అతికించి అదుపులోకి తేవాలి. విమ్పెల్ నుంచి తీసిన అక్షరాల అచ్చును, బట్ట వెనకవైపు అతికించేది కనుక, అద్దంలోలా తిప్పి గీసుకుని, అంచులను మూడు మిల్లీమీటర్లు లోపలికి మడిచి, సన్నని పట్టుదారంతో కనబడని కుట్టు వేశాను. ప్రతి మాటలోనూ స్వరం అనే అర్థం ఉన్న కోల్ అనే పదం ఉంది. అందులో మొదటి అక్షరం కోఫ్ కాలు గీత కిందికి దిగుతుంది, చివరి అక్షరం లామెద్ మెడ గీత పైకి లేస్తుంది. ఈ రెంటికీ చోటు దొరకడానికి తెర వెడల్పు తొమ్మిది అంగుళాలకు పెంచాను. కోఫ్ కాలు పై భాగానికి తగలకుండా విడిగా నిలవాలి, దానిని అంటించి కుట్టకూడదు. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఆనందం అనే అర్థం ఉన్న సిమ్‌హా పదం మీద పెట్టాను. దాని చివర ఖేత్, హే అనే అక్షరాలు పక్కపక్కనే వస్తాయి. రెండూ ఇంచుమించు ఒకే ఆకారం. హే ఎడమ కాలు పైన చిన్న ఖాళీ ఉంటుంది, ఖేత్‌కు ఉండదు. మడిచిన పట్టు ఉబ్బి ఆ ఖాళీని మూసేస్తే హే కాస్తా ఖేత్ అయిపోతుంది, పదం తప్పుతుంది. ఆ కాలును వేరే ముక్కగా కోసి, ఖాళీ దగ్గర మడత లేకుండా అంచును పట్టుదారంతో దగ్గరదగ్గరగా చుట్టి కుట్టాను. హీబ్రూ చదివే ఇద్దరిచేత, కచ్చా కుట్లు ఉండగానే, దూరం నుంచి చదివించాను.

తల్లిత్‌కు చిమ్మటలు పట్టి చిన్న చిల్లులున్నాయి. పాలిథిన్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాక, రంగు వేయని సన్నని ఉన్ని దారంతో రఫ్ఫు చేశాను. మూలల దగ్గర మూడు వేళ్ళ వెడల్పు లోపల మాత్రం సూది పెట్టలేదు. అక్కడి మరమ్మతుకు వేరే నియమాలున్నాయి. ఒక మూల, త్సిత్సిత్ అనే కుచ్చుల పోగులు తెగి ఉన్నాయి. ఆ కుచ్చులు యూదులు కట్టినవే చెల్లుతాయి, నాలాంటివాళ్ళు ఎంత బాగా కట్టినా చెల్లవు. వాటిని పెళ్ళికూతురి మేనమామ కట్టారు. సంచికి కోటు వెనక భాగం, ముందు జేబు తీసుకున్నాను. బక్రం, కాన్వాస్, బొత్తాములు, వాటి దారాలు అన్నీ తీసేసి, నూలు దుప్పటి ముక్కతో లైనింగ్ వేశాను. బొత్తాములను నూలు దారంతో తిరిగి కుట్టాను.

పెళ్ళికి ముందు పందిరిని బయట నాలుగు కర్రలకు కట్టి, గాలిలో నలుగురు మనుషులచేత పట్టించి చూశాం. పట్టీలు అనుకున్నట్టే లాగుడు తీసుకున్నాయి. నడిమి భాగం నాలుగు వేళ్ళంత కిందికి జారింది, అది చూడడానికి బాగానే ఉందని అలాగే వదిలాను. పెళ్ళి రోజు వాన రాలేదు.

దుప్పటిగా మార్చడానికి కావలసిన సూచనలను రాసి పందిరితో పాటు ఇచ్చాను. లేఖన వాక్యం మంచం మీద ఉండకూడదని రబ్బీ చెప్పడం వల్ల అంచు తెరను నీలి దారంతో, ఒకే వరస కుట్టుతో కలిపాను; మిగతా కుట్లన్నీ తెలుపే. నీలి దారం విప్పితే నాలుగు తెరలూ ఊడి వస్తాయి, వాటిని గోడకు పెట్టుకోవచ్చు. తరవాత పై పొర ఒక అంచు విప్పి, లోపలి పట్టీలు, ఉంగరాలు తీసి, దూది పొర పెట్టాలి. ఆ పొర నూలుదే కావాలి. క్విల్టు దుకాణాల్లో ఉన్ని పొరలే ఎక్కువ వెచ్చన అని చెప్పి అమ్ముతారు కాబట్టి ఈ మాటను పెద్ద అక్షరాలతో రాశాను. దారం కూడా నూలు లేదా పట్టు. చుట్టూ అంచు కట్టడానికి సబ్బాతు టేబుల్ క్లాత్ నుంచి మిగిల్చిన పట్టీలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆమ్లం లేని కాగితపు గొట్టానికి చుట్టి అదే పెట్టెలో ఉంచాను.